ఏడో వారం జాడీ

మా వంటింటి పక్కన వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మరా ఒకటుంది. ఆరని తువ్వాళ్ళు, మేజోళ్ళు అందులో పెడితే గంటలో పెళపెళలాడతాయి. దాని పై అరలో ఎండైనా వానైనా నలభైమూడు డిగ్రీల వేడి ఉంటుందని మావారు వారం రోజులు థర్మామీటరు పెట్టి మరీ కనిపెట్టారు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా అంత మురిసిపోలేదు.

“నలభైమూడు అంటే మాటలు కాదు. అక్కడ ఒక వారం ఉంచితే బయట ఒక నెల ఉంచినట్టు. పన్నెండు వారాల్లో ఏడాది గడిచిపోతుంది” అన్నారు.

“అయితే నన్ను మాత్రం అందులో పెట్టకురా. ఉన్న నాలుగేళ్ళూ ఒక్క ఏడాదిలో అయిపోతాయి” అన్నారు అత్తగారు.

మావారు ఒక చిన్న ఫ్యాక్టరీలో కెమిస్టు. రియాక్టర్లని గౌరవంగా పిలుచుకునే పెద్ద స్టీలు డ్రమ్ములు మూడు, ఒక బాయిలరు, పదకొండు మంది మనుషులు. అంతే ఫ్యాక్టరీ. జీడిగింజల పెంకుల్లో నల్లటి చిక్కటి నూనె ఉంటుంది. చేతికి తగిలితే బొబ్బ లేస్తుంది. మావారి వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా, పొరలు లేచి ఉండేవి. నా చీర అంచు పట్టుకుంటే దారాలు లేచేవి. ఆ నూనెని సరైన వేడి మీద గంటల తరబడి కాస్తే అందులో ఉన్న ఆమ్లం విరిగి, గాలి రూపంలో బయటికి పోతుంది. మిగిలిన దానికి ఒక మంచి గుణం ఉంది. మొక్కల నూనెలతో చేసే డీజిలు ఎక్కువ రోజులు నిలవ ఉండదు. వాడిన వంటనూనెలాగే వాసన మారి, అడుగున జిడ్డు కడుతుంది. వెయ్యి లీటర్ల డీజిల్లో ఈ మందు ఒక్క లీటరు కలిపితే ఏడాది పాటు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది మావారు ఆరేళ్ళు కష్టపడి సాధించిన విషయం. పారబోసే పెంకుల్లోంచి బళ్ళు నడిపే మందు తీశానని ఆయనకి లోపల్లోపల గర్వం. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఫ్యాక్టరీ యజమానిని మా ఇంట్లో ఆర్నెల్లాయన అంటాం. ఏదడిగినా ఆర్నెల్లు ఆగమంటాడు. కొత్త తూకం యంత్రం ఆర్నెల్లలో. వేడి పెట్టే పరీక్ష పెట్టె ఆర్నెల్లలో. ఆ పెట్టె రాకపోబట్టే పరీక్ష జాడీలు మా అల్మరాలోకి వచ్చాయి. ఆయన తొందరపడేది మాత్రం ఒక్క విషయంలోనే. నూనెని ఎనిమిది గంటలు కాయడం దండగ, ఐదు గంటలు చాలదా అని ఆయన గొడవ. ఐదు గంటలైతే కొంత ఆమ్లం విరగకుండా మిగిలిపోతుందని మావారి భయం. మిగిలితే ఏమవుతుంది? ట్యాంకుల్లో, గొట్టాల్లో ఉండే లోహాలతో కలిసి ఏదైనా చేస్తుందా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కోసమే జాడీలు.

ఆరు గాజు జాడీలు. ఐదు గంటలు కాచిన మందు కలిపిన డీజిలు అన్నిటిలోనూ. ఒకదాంట్లో రాగి రేకు, ఒకదాంట్లో ఇత్తడి, ఒకదాంట్లో ఇనుము, ఒకదాంట్లో అల్యూమినియం, ఒకదాంట్లో జింకు పూత పూసిన ఇనప రేకు. ఆరోది ఉత్తిది. రేకు ముక్కలు మూతకి కట్టిన తెల్లదారంతో లోపల వేలాడుతుండేవి. గురువారం గురువారం పొద్దున ఒక్కొక్క జాడీ కిటికీ దగ్గరికి తెచ్చి, వంచి, వెలుతుర్లో చూసి, కనబడింది పుస్తకంలో రాయాలి. ఆ పని నాది. పెళ్ళికి ముందు కెమిస్ట్రీలో డిగ్రీ చేశాను. ఇరవై ఏళ్ళుగా ఆ చదువు పనికొచ్చింది మరకలు వదిలించడానికే.

పుస్తకం చేతికిచ్చేటప్పుడు మావారు ఒకే మాట చెప్పారు. “కనబడింది రాయి. ఎందుకయిందో రాయకు. అది తర్వాత చూసుకుందాం.”

నిజానికి అది రెండో పరీక్ష. మొదటిసారి పదో వారంలో నేను ఊళ్ళో లేనప్పుడు, అత్తగారు తన దుప్పటి ఆరేసుకోవడానికి జాడీలన్నీ తీసి వంటింటి గట్టు మీద పెట్టారు. రెండు రోజులు చల్లటి గట్టు మీద ఉన్నాయి. పది వారాల పని నీళ్ళపాలయింది. మావారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. అల్మరా ముందు స్టూలు వేసుకుని కాసేపు కూర్చున్నారు.

“ఇంట్లో పెట్టడం నాదే బుద్ధితక్కువ” అన్నారు లేస్తూ.

నాకది చెంపదెబ్బలా తగిలింది. నా ఇల్లు. నేను తోమిన గిన్నెలో మొహం చూసుకోవచ్చని చుట్టాలంతా చెప్పుకుంటారు. ఇంట్లో పెట్టడం బుద్ధితక్కువట. రెండోసారి నా చేత్తో నేనే జాడీలు కడుగుతానన్నాను. ల్యాబు పద్ధతి మావారు చెప్పారు. వేడినీళ్ళు, ఆ తర్వాత జిడ్డు తీసే ఎసిటోను, ఆ తర్వాత ఆరబెట్టడం. సబ్బు ముట్టుకోకూడదు, సబ్బు అంటుకుంటే పరీక్షే మారిపోతుంది. ఐదు జాడీలు అలాగే కడిగాను. మిగిలిన ఒకదానికి పాత జిడ్డు మెడ దగ్గర పట్టి వదల్లేదు. ఎసిటోను సీసాలో అడుగంటింది. నాలుగు చుక్కల సబ్బు వేసి రుద్దాను. ఏడెనిమిది సార్లు కడిగాను. వాసన చూశాను, వెలుతుర్లో చూశాను. మచ్చ లేదు. ఎవరికీ చెప్పలేదు. జింకు రేకు వేలాడింది ఆ జాడీలోనే.

ఆరు వారాలు పుస్తకంలో అన్ని గళ్ళలోనూ ఒకటే రాశాను. మార్పు లేదు.

ఏడో గురువారం జింకు జాడీ వంచితే డీజిలు పారలేదు. పక్కకి జరిగింది. పైన అంతా తేనె రంగులో బాగానే ఉంది గానీ, అడుగున వేలెడు మందం గంజి మీద తెట్టులాంటిది ఒక్క ముద్దగా కదిలింది. రేకు మీద తెల్లటి పొడి అంటుకుని ఉంది. నేను ఆ జాడీ పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా బుర్రలో మెదిలింది జింకూ కాదు, ఆమ్లమూ కాదు. సబ్బు. నా సబ్బు. సరిగ్గా కడగలేదు. మెడ దగ్గర ఎక్కడో మిగిలిపోయింది. ఏడు వారాలు. మళ్ళీ ఆయన స్టూలు వేసుకుని కూర్చుంటారు.

మెట్ల కింద, జాడీల్లో పోయగా మిగిలిన డీజిలు డబ్బా ఉంది. కవర్లో అదనపు రేకు ముక్కలున్నాయి. తెట్టుని పాత కాగితాల్లోకి వంచి, చుట్టి, చెత్తబుట్టలో వేశాను. జాడీని ఈసారి పద్ధతి ప్రకారం కడిగాను. కొత్త రేకు కట్టాను. డబ్బాలో ఉన్నదంతా సరిగ్గా గీత దాకా పట్టింది.

“మళ్ళీ తోముతున్నావేమిటే ఆ సీసాని? అది గానీ నీకు కొడుకై పుట్టుంటే రోజుకి మూడు సార్లు స్నానం చేయించి న్యుమోనియా తెప్పించేదానివి” అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

“మూత మీద దుమ్ము పడిందత్తయ్యా.”

ఏడో వారం గడిలో రాశాను. మార్పు లేదు.

పన్నెండో వారం మావారు ఆరు జాడీలూ ల్యాబుకి పట్టుకెళ్ళి వడకట్టారు. జింకు జాడీ నీళ్ళలా దిగిందట. సాయంత్రం వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అలా వెయ్యరు. “ఐదు గంటలు చాలు. దేంతోనూ గొడవ లేదు” అన్నారు. ఆర్నెల్లాయన మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాడు. “అంతా మా చెల్లెమ్మ చేతి శుభ్రమేనయ్యా” అన్నాడు. నేను నవ్వాను. ఎసిటోను అడుగంటిన సంగతి, సబ్బు సంగతి నేనే మర్చిపోయానని ఆ రోజు నిజంగా అనుకున్నాను.

మందుకి మొట్టమొదట ఆర్డరు ఇచ్చింది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లాంచీలు నడిపే సంస్థ. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి ఇరవై నిమిషాల దూరం. ఎనిమిది నెలలు బాగానే నడిచాయి. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం, పోటు తగ్గి నీరు సముద్రంలోకి తీసే వేళకి, నడి ఏట్లో ఒక లాంచీ ఇంజను ఆగిపోయింది. ప్రవాహం దాన్ని పక్కకి తిప్పి పాత వంతెన స్తంభానికి కొట్టింది. ముప్పై మందిలో ఇరవై ఆరుగురిని పట్టుకోగలిగారు. పోయిన నలుగురిలో ఇద్దరు పరీక్ష రాసి ఇంటికొస్తున్న నర్సింగు అమ్మాయిలు. ఒకావిడ కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి అవతలి ఒడ్డుకి వెళ్ళి వస్తోందట. నాలుగో ఆయన లాంచీలో టిక్కెట్లు ఇచ్చే మనిషి.

పేపర్లో చదివినప్పుడు అయ్యో అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. మా మందుకీ ఆ ప్రమాదానికీ సంబంధం ఉంటుందని కూడా తట్టలేదు.

ఇంజను చూసే మెకానిక్కుని పోలీసులు పట్టుకెళ్ళి, నాలుగు రోజుల తర్వాత వదిలారు. ఫిల్టరు మార్చకుండా నిర్లక్ష్యం చేశాడని కేసు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. విచారణ అధికారిని వేశారు. ఆ అధికారి మందు తయారుచేసిన కెమిస్టుని కూడా వచ్చి మాట్లాడమన్నాడు.

ఆదివారం పొద్దున మావారు కాఫీ తాగుతూ, అధికారి పంపిన మెకానిక్కు వాంగ్మూలం చదువుతున్నారు. ఉన్నట్టుండి నవ్వారు.

“ఏం రాయించాడో విను. ‘ఫిల్టరు మూడు వారాల క్రితమే మార్చాను. ప్రమాదం తర్వాత ఊడదీసి చూస్తే దానికి గంజి మీద తెట్టులాంటిది పట్టి ఉంది. ట్యాంకు అడుగునా అదే ఉంది.’ తెట్టట!”

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని గట్టు మీద పెట్టాను.

“ఆ లాంచీల్లో ట్యాంకులు దేంతో చేస్తారు?” అని అడిగాను.

“పాతవి కదా, జింకు పూత రేకుతో. మనం చూసిందేగా అది. పన్నెండు వారాలు ఉంచాం, నీళ్ళలా దిగింది. నువ్వూ చూశావుగా?”

“ఊ” అన్నాను.

అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తి నా వంక చూశారు. మళ్ళీ తల దించుకున్నారు.

ఆయన స్నానానికి వెళ్ళాక అత్తగారు నెమ్మదిగా అన్నారు. “ఆ రోజు కాగితాల్లో చుట్టి పారేశావే. అదేనా?”

“తెలీదత్తయ్యా. సబ్బు అనుకున్నాను.”

“అయితే సబ్బే. అలాగే అనుకో. నేను ఏమీ చూడలేదు. వాడి చెవిన వెయ్యకు. వాడు బతకలేడు.”

రెండు రోజులు నేను ఆ మాట పట్టుకునే గడిపాను. సబ్బే అయ్యుంటుంది. నాలుగు చుక్కల సబ్బుతో వేలెడు మందం తెట్టు కడుతుందా అని నాకు నేనే ప్రశ్న వేసుకోవడం, దాన్ని అక్కడే నొక్కెయ్యడం. కాలేజీలో మా లెక్చరరు బోర్డు మీద రాసిన సమీకరణం మాత్రం పోనంటుంది. ఆమ్లం, లోహం, రెండూ కలిస్తే లోహపు సబ్బు. అదీ సబ్బే. నేను వెయ్యని సబ్బు. నా చేతిలో వేలెడు మందం ఉన్నప్పుడు పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు బియ్యం కడుగుతుంటే కనబడుతోంది, తువ్వాలు పిండుతుంటే కనబడుతోంది.

మంగళవారం మధ్యాహ్నం మావారు సెలవు పెట్టి ఇంట్లోనే కాగితాలు సర్దుకుంటున్నారు. మర్నాడే విచారణ. ఆ పుస్తకానికి అట్ట వేశారు. జింకు పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టారు.

“పాపం మెకానిక్కు మంచివాడేనట. చెయ్యి తిరిగినవాడని అందరూ అంటున్నారు. కానీ ఏం చేస్తాం, అబద్ధం చెప్తున్నాడు. ఈ పుస్తకం ముందు అతని మాట నిలబడదు” అన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. ఆ జాలి వినలేకపోయాను.

“అతను అబద్ధం చెప్పట్లేదండీ” అన్నాను.

చెప్పాను. ఎసిటోను సీసా దగ్గర మొదలుపెట్టి పాత కాగితాల దాకా. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక కలం మూత తీసి, కొత్త కాగితం ఒకటి లాక్కుని అడగడం మొదలుపెట్టారు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళని అడిగినట్టు.

“రంగు?”

“తేనె. అడుగున తెలుపు కలిసిన తేనె.”

“వంచితే?”

“జరిగింది. పారలేదు.”

“ఎంత మందం?”

చూపుడువేలు చూపించాను. ఆయన స్కేలు తెచ్చి నా వేలిని కొలిచారు.

“డబ్బాలో ఏమైనా మిగిలిందా?”

“లేదు. గీత దాకా పోశాను, అయిపోయింది.”

“పాత రేకు?”

“పారేశాను.”

కలం కింద పెట్టారు. “అయితే నీ మాట తప్ప ఏమీ లేదు” అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

ఎలా తెలిసిందో గానీ, సాయంత్రం ఐదింటికల్లా ఆర్నెల్లాయన దిగబడ్డాడు. మావారే ఫోన్ చేసి ఉండాలి. దాచడం ఆయనకి చేతకాదు. వచ్చి కుర్చీ లాక్కుని, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

“చెల్లెమ్మా, ఆడవాళ్ళన్నాక ఇంట్లో సీసాలు కడుగుతారు. మా ఇంట్లోనూ కడుగుతారు. అది శాస్త్రమవుతుందా చెప్పు?”

“ఆ సీసా నమ్మే కదండీ మీరు ఐదు గంటలకి దించారు” అన్నాను.

“పుస్తకం నమ్మి దించాను. పుస్తకంలో మార్పు లేదని ఉంది. ఎవరు రాశారు? నువ్వే. అప్పుడు రాసింది నిజమా, ఏడాది తర్వాత నిద్రలేచి చెప్తున్నది నిజమా?”

“ఇప్పుడు చెప్తున్నది.”

“అలాగా. నలుగురు పోయారమ్మా. ఈ మాట అంటే ఆ నలుగురూ మీ ఆయన నెత్తి మీదకొస్తారు. మీ ఆయన సంతకం ఉంది కింద. నాది కాదు.” అప్పుడు మావారి వైపు తిరిగాడు. “నువ్వు అబద్ధం ఆడక్కర్లేదయ్యా. పుస్తకం పట్టుకెళ్ళు. ఉన్నది ఉన్నట్టు చదువు. కూర్చో. అంతే.”

ఆయన వెళ్ళాక మావారు చాలాసేపు పుస్తకం అట్ట మీద వేళ్ళు ఆడిస్తూ ఉండిపోయారు.

“ఉన్నది చదివితే అబద్ధం కాదుగా” అన్నారు. నన్ను అడిగినట్టు లేదు.

“మెకానిక్కు జైలుకెళ్తాడు” అన్నాను.

“నేను వెళ్తే నీకు ఫరవాలేదా?”

అత్తగారు లోపల్నుంచి, “రేపు నువ్వు ఇంట్లోనే ఉండు. కాలు బయట పెట్టావంటే ఊరుకోను” అన్నారు. ఆవిడ నన్ను అలా అనడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. నేనూ చీర మార్చుకుని చెప్పులు వేసుకున్నాను. ఆయన రావద్దనలేదు, రమ్మనలేదు. బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో.

విచారణ జరిగింది రేవు ఆఫీసులో పైన ఒక గదిలో. పొడుగాటి బల్ల, ఇనప కుర్చీలు, గోడ మీద ఏటి పటం. కిటికీలోంచి చూస్తే వంతెన స్తంభాలు కనబడుతున్నాయి. నేను కూర్చోవడానికి అటు వీపుగా ఉన్న కుర్చీ వెతుక్కున్నాను. మెకానిక్కు మూలన ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చొక్కా ఉతికిందే గానీ, గోళ్ళలో నలుపు మాత్రం పోలేదు. ఆ నలుపు నాకు బాగా తెలుసు. ఎన్ని కడిగినా పోదు.

అధికారి మావారిని పిలిచాడు. మావారు పుస్తకం తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టారు. “మొదటి వారం, జింకు, మార్పు లేదు. రెండో వారం, మార్పు లేదు.” ఆర్నెల్లాయన ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని తల ఊపుతున్నాడు. “ఐదో వారం, మార్పు లేదు. ఆరో వారం, మార్పు లేదు.”

అక్కడ ఆగారు. పేజీ వంకే చూస్తున్నారు. ఎవరో కుర్చీ జరిపారు.

“చదవండి” అన్నాడు అధికారి.

“ఏడో వారం రాసింది నేను కాదు సార్” అన్నారు మావారు. “రాసినావిడ అక్కడుంది. ఆవిణ్ణి అడగండి.”

లేచి వెళ్ళాను. అధికారి పేరూ చదువూ అడిగాడు. చెప్పాను. ఉద్యోగం అన్నాడు. లేదన్నాను. అతను నా చదువు పక్కన ఏదో రాశాడు. ఏడో వారం ఏం చూశారు అన్నాడు. మొత్తం చెప్పాను. తెట్టు అన్నప్పుడు మూలన మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. ఫ్యాక్టరీ తరఫున వచ్చిన వకీలు గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, మీరు సబ్బుతో కడిగామంటున్నారు. అయితే ఆ తెట్టు మీ సబ్బే అయ్యుండొచ్చు కదా?”

“అయ్యుండొచ్చు అనుకునే పారేశాను. పారెయ్యకుండా రాసి ఉంటే, ఏదో మావారు తేల్చేవారు.”

“ఒక గృహిణి కంటికి కనబడిన తెట్టుని పట్టుకుని...”

“కనబడింది రాయమన్నారు. రాయలేదు. తప్పు అదే” అన్నాను.

అధికారి కలం ఎత్తి అడిగాడు. “ఎందుకు రాయలేదు?”

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. దారంతా జవాబు కూడదీసుకున్నాను. భయమనీ, సంసారమనీ, ఏదో. అక్కడ నిలబడ్డాక అవేవీ నోటికి రాలేదు.

“నాకు కడగడం రాదని ఎవరూ అనుకోకూడదని.”

అతను అది రాసుకోలేదు వెంటనే. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. అక్షరం అక్షరం రాశాడు. ఆ మాట అంత పొడుగుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత మళ్ళీ మావారిని నిలబెట్టారు. మీరు ఏడో వారం ఆ జాడీ చూశారా? లేదు. పన్నెండు వారాలూ అదే డీజిలు ఉందని మీరు ఎలా సంతకం పెట్టారు? పుస్తకం చూసి. ఎనిమిది గంటలని ఐదు గంటలు చేసిందెవరు? ఆర్నెల్లాయన కాలు దించి ముందుకి వంగాడు. మావారు అటు చూడలేదు. “చెయ్యొచ్చని రాసిచ్చింది నేను” అన్నారు. అన్నిటికీ పొట్టి జవాబులే. ట్యాంకు అడుగున తెట్టు తీయించి పరీక్షకి పంపమనీ, అందులో జింకు ఉంటుందనీ ఆయనే చెప్పారు. అడగకుండానే చెప్పారు. పరీక్ష వచ్చేదాకా ఊరు దాటొద్దని ఆయన చేత కాగితం రాయించుకున్నారు. మెకానిక్కుని ఆ పూటకి వెళ్ళిపొమ్మన్నారు.

మెట్ల దగ్గర మెకానిక్కు నా కోసం ఆగి ఉన్నాడు. నేను చేతులు జోడించాను. అతను జోడించలేదు.

“ఫిల్టరు ఊడదీసినప్పుడు నా చేత్తో పట్టుకున్నానమ్మా దాన్ని. అందరికీ చూపించాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు” అన్నాడు.

“తెలుసు.”

“టిక్కెట్లు ఇచ్చేవాడు మా బావమరిది. మా ఆవిడ నలభై రోజులుగా నాకు అన్నం పెట్టి పక్కకి వెళ్ళిపోతోంది. మాట్లాడదు. నేనే చంపానంటుంది.” అతను మెట్ల రాడ్డు పట్టుకున్నాడు. “మీరొచ్చి ఆవిడకి చెప్తారా?”

“వస్తాను. ఇప్పుడే రమ్మన్నా వస్తాను.”

అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “వద్దులెండి. మిమ్మల్ని చూస్తే ఇంకేమవుతుందో” అని దిగి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

తిరుగు బస్సులో జనం తక్కువ. ఈసారి మావారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. పుస్తకం ఆఫీసులోనే ఉంచేసుకున్నారు కనుక ఆయన చేతులకి ఏం చెయ్యాలో తెలియట్లేదు. ఒడిలో పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. నాలుగు స్టాపులు అదే పని.

“ఆ పాత రేకు” అన్నారు చివరికి. “నువ్వు పారేసింది. దాని మీద ఏమైనా ఉందా?”

“ఉంది.”

“నలుపా, తెలుపా?”

“తెలుపు. పొడిలా.”

“వేలితో రాస్తే వచ్చిందా?”

“వచ్చింది.”

ఆయన తల ఊపారు. లెక్క సరిపోయినప్పుడు ఊపినట్టే.

“ఆ రేకు ఒక్కటి చూపించి ఉంటే చాలు. అది నీ సబ్బు కాదని అడగకుండానే తెలిసేది. ఏడో వారంలోనే తెలిసేది” అన్నారు.

బస్సు ఆగింది. మా స్టాపు కాదు, ఇంకా రెండున్నాయి. ఆయన లేచారు. నేనూ లేవబోతే చెయ్యి చూపించి కూర్చోమన్నారు. దిగి, రోడ్డు దాటకుండా, బస్సు వెళ్ళే వైపే ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టారు. బస్సు ఆయన్ని దాటి ముందుకెళ్ళింది.